జార్జియాలో స్ట్రోక్ వస్తే ఆసుపత్రి దూరానికీ ఒంటి రంగుకూ సంబంధం ఉందా?

చట్టహూచీ ఒడ్డు (ఆల్ఫారెటా, జార్జియా)

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో నాతో పనిచేసే ఒక నల్లజాతి ఆయన అక్కకు ఈ మధ్య స్ట్రోక్ వచ్చింది. ఆమెకు ఇంకా అరవై నిండలేదు. ఉండేది దక్షిణ జార్జియాలో, పత్తీ వేరుశనగా పండే ఊళ్ళో. అంబులెన్సు వాళ్ళు దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ స్కాన్ తీశారు కానీ న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) లేరు. పెద్ద ఆసుపత్రికి పంపాలని తేల్చడానికి చాలాసేపు పట్టింది, పంపడానికి బండి దొరకడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి లేవడం లేదు, మాట తడబడుతోంది.

ఆయన నాతో అన్న మాట ఇది: "మీరుండే వైపు ఇదే జరిగి ఉంటే మా అక్క ఈపాటికి పనికి వెళ్తూ ఉండేది." నాకు ఏం చెప్పాలో తోచలేదు. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న మా శివార్లలో ఏ దిక్కుకు వెళ్ళినా పెద్ద ఆసుపత్రి తగులుతుందన్నది నిజమే. అయితే ఇది పల్లెకూ పట్నానికీ ఉన్న తేడానా, డబ్బు తేడానా, జాతి తేడానా? వైద్యరంగంలో ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, కాస్త చెప్పండి.

లెక్కల మాస్టారు (కొలంబస్, ఒహాయో)

మూడోది కాదని నా అనుమానం. అమెరికాలో ఏ సమస్య వచ్చినా జాతి రంగు పులమడం అలవాటైపోయింది. పశ్చిమ వర్జీనియాకో, తూర్పు కెంటకీ కొండల్లోకో వెళ్ళి చూడండి. అక్కడున్నది దాదాపు అంతా తెల్లవాళ్ళే. న్యూరాలజిస్టు అక్కడా ఉండరు, అంబులెన్సు అక్కడా ఆలస్యమే. మీ స్నేహితుడి అక్క తెల్లావిడ అయి అదే ఊళ్ళో ఉండి ఉంటే అదే అంబులెన్సు, అదే ఆసుపత్రి. అవునా, కాదా?

న్యూరో నెల్లూరు (బర్మింగ్‌హామ్, అలబామా)

మాస్టారు గారి చివరి ప్రశ్నలో పస ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు స్ట్రోక్ వైద్యం ఎలా నడుస్తుందో చెప్పకపోతే దూరం ఎందుకంత ముఖ్యమో అర్థం కాదు.

ఈ దేశంలో వచ్చే స్ట్రోకుల్లో నూటికి 87 మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడడం వల్ల వచ్చేవి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని 2006లో లెక్కగట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్, అంటే టీపీఏకు, 1996లో అనుమతి వచ్చింది. అప్పట్లో లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు ఇవ్వాలనేవారు. 2008 తర్వాత దాన్ని నాలుగున్నర గంటలకు పెంచారు. రెండో ఆయుధం థ్రాంబెక్టమీ. తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగేస్తారు. 2015లో వరుసగా ఐదు పరీక్షల్లో దీని ఫలితం రుజువైంది. 2018కల్లా, స్కాన్‌లో ఇంకా కాపాడదగిన మెదడు కనిపిస్తే 24 గంటల దాకా కూడా చేయవచ్చని తేలింది. మాట పడిపోయి వచ్చిన మనిషి ఆ బల్ల మీదే మాట్లాడడం నేను చూశాను. దాదాపు ముప్ఫయ్యేళ్ళ కిందట మా గురువులకు ఇందులో ఏదీ లేదు.

ఇంజెక్షన్ చిన్న ఆసుపత్రిలో కూడా ఇవ్వవచ్చు, స్కాన్ చూసి నిర్ణయం చెప్పే మనిషి ఉంటే చాలు. థ్రాంబెక్టమీ అలా కాదు. దానికి ప్రత్యేక శిక్షణ ఉన్న డాక్టరు, యాంజియో గది, రాత్రీ పగలూ పిలిస్తే వచ్చే బృందం కావాలి. అందుకే ఆసుపత్రులకు అంచెలు పెట్టారు. జాయింట్ కమిషన్ అనే సంస్థ 2003 చివర్లో ప్రైమరీ స్ట్రోక్ సెంటర్లకు గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. 2012లో అన్నిటికన్నా పై అంచె, కాంప్రిహెన్సివ్, వచ్చింది. తర్వాత కింద ఒక అంచె, మధ్యలో ఒక అంచె చేరాయి.

కీలకం ఎక్కడుందంటే, ఈ గుర్తింపు కావాలో వద్దో ఆసుపత్రే తేల్చుకుంటుంది. ఖర్చు దానిదే, లాభనష్టాల లెక్కా దానిదే. "ఈ తాలూకాలో ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇక్కడొకటి ఉండాలి" అని పటం ముందు పెట్టుకుని నిర్ణయించే అధికారి ఎవరూ లేరు. మంచి ఇన్సూరెన్స్ ఉన్న రోగులు వచ్చే చోట ఈ ఖర్చు తిరిగొస్తుంది. రాని చోట ఏ బోర్డు సభ్యుడు ఒప్పుకుంటాడు?

కృష్ణలంక (డర్హమ్, నార్త్ కరోలినా)

నా ఉద్యోగం ఆరోగ్య గణాంకాలతోనే. న్యూరో గారు ఆపిన చోటి నుంచి అందుకుంటాను.

రెనీ షియా, యూ-చు షెన్ అనే పరిశోధకులు, వాళ్ళ సహచరులు సరిగ్గా ఈ ప్రశ్న మీదే పనిచేసి 2022లో జామా న్యూరాలజీ అనే వైద్యపత్రికలో అచ్చు వేశారు. 2009 నుంచి 2019 వరకు దాదాపు ఐదువేల ఆసుపత్రుల్లో స్ట్రోక్ గుర్తింపు ఏవి తెచ్చుకున్నాయి, ఏవి తెచ్చుకోలేదు అని చూశారు. పైపైన చూస్తే మాస్టారు గారు ఎగిరి గంతేస్తారు. నల్లజాతివాళ్ళు విడిగా, గుంపుగా నివసించే ప్రాంతాల ఆసుపత్రులే ఎక్కువగా గుర్తింపు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది! ఎందుకంటే ఆ ప్రాంతాలు చాలావరకు పెద్ద నగరాల్లో ఉన్నాయి. పెద్ద నగరాల్లో పెద్ద ఆసుపత్రులుంటాయి. జనాభానూ ఆసుపత్రి పరిమాణాన్నీ లెక్కలోకి తీసుకోగానే చిత్రం తిరగబడింది. అంతే జనం, అంతే ఆసుపత్రి ఉన్న మరో చోటితో పోలిస్తే ఈ ప్రాంతాల ఆసుపత్రులు గుర్తింపు తెచ్చుకునే అవకాశం 26 శాతం తక్కువ. ఆదాయం తక్కువున్న చోట్లా వెనకబాటే, పల్లెల్లో ఇంకా వెనకబాటు.

కాబట్టి పల్లె, డబ్బు, జాతి అనే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే నేను ఎంచుకోను. మీ స్నేహితుడి అక్క విషయంలో మూడూ ఒకే మనిషి మీద పడ్డాయి.

లెక్కల మాస్టారు

గంతేయలేదు, కుర్చీలోనే ఉన్నాను. జనాభాను సరిచేస్తే తిరగబడే లెక్క ఆదాయాన్నీ ఇన్సూరెన్స్‌నూ ఇంకా లోతుగా సరిచేస్తే మళ్ళీ తిరగబడదని హామీ ఏమిటి?

ఇంకొకటి. అలబామా విశ్వవిద్యాలయం వాళ్ళదే రిగార్డ్స్ అధ్యయనం ఉంది, న్యూరో గారి ఊరిదే. 2003 నుంచి 2007 వరకు ముప్ఫై వేలమందికి పైగా నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ చేర్చుకుని ఏళ్ళ తరబడి గమనించారు. స్ట్రోక్ మరణాల్లో కనిపించే జాతి తేడాకు ప్రధాన కారణం స్ట్రోక్ ఎక్కువమందికి రావడమేనని, వచ్చాక చనిపోయే శాతంలో పెద్ద తేడా లేదని 2016లో వాళ్ళే రాశారు. మరి ఆసుపత్రిని నిలదీయడం దేనికి? బీపీ మాత్రలు ఊరూరా పంచితే సరిపోతుంది కదా.

న్యూరో నెల్లూరు

మాస్టారు గారు చదివే వస్తారు, అందుకే ఈయనతో వాదించడం నాకిష్టం.

రిగార్డ్స్ చెప్పింది నిజం. 45–54 ఏళ్ళ వయసులో నల్లజాతివాళ్ళకు స్ట్రోక్ రావడం తెల్లవాళ్ళకన్నా దాదాపు నాలుగు రెట్లు. 85 దాటాక ఆ తేడా దాదాపు ఉండదు. అంటే వీళ్ళకు వచ్చే స్ట్రోక్ చిన్న వయసులో వస్తుంది. చిన్న వయసువాళ్ళ గుండె, ఊపిరితిత్తులు గట్టివి, ప్రాణం అంత తేలిగ్గా పోదు. చావుల శాతంలో తేడా కనిపించకపోవడానికి అదొక కారణం. యాభై రెండేళ్ళకు స్ట్రోక్ వచ్చి, గడ్డ తీయగలిగే చోటికి సమయానికి చేరక, ఆ తర్వాత పాతికేళ్ళు కుర్చీలో గడిపే మనిషిని మరణాల పట్టిక "బతికినవారు" అనే గడిలో వేస్తుంది. థ్రాంబెక్టమీ ముఖ్యంగా మార్చేది ఆ పాతికేళ్ళనే. మీరు వాడిన కొలబద్దకు అది అందదు.

బీపీ మాత్రల సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను. ఈ దేశంలో నల్లజాతి పెద్దవాళ్ళలో సగానికి పైగా బీపీ ఉంది. ఒకటి చేయాలంటే రెండోది మానేయాలా?

రాత్రి డ్యూటీ (మెంఫిస్, టెనెసీ)

ఎమర్జెన్సీలో నర్సును. మీరంతా ఆసుపత్రి ఎంత దూరం అని మాట్లాడుతున్నారు, తలుపు దాటాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి.

నలభై ఆరేళ్ళ నల్లజాతి ఆమె తల తిరుగుతోందని, తూలుతున్నానని వస్తుంది. ముఖం వంకర పోలేదు, చెయ్యి లేస్తోంది. ఆమెను వరుసలో ఎక్కడ కూర్చోబెడతారు? డెబ్బై అయిదేళ్ళ తెల్లాయన ముఖం వంకరపోయి వస్తే ఎవరైనా పరిగెత్తుతారు, స్ట్రోక్ అంటే అందరి మనసులో ఉన్న బొమ్మ అదే. ఈమెకు మైగ్రేన్ అనో, ఆందోళన అనో, ఒక్కోసారి ముందు డ్రగ్స్ పరీక్ష చేయమనో రాసేస్తారు. నేను కల్పించి చెప్పడం లేదు. జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్ల బృందం 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం ఎమర్జెన్సీలో స్ట్రోక్‌ను పోల్చుకోకుండా ఇంటికి పంపేయడం ఆడవాళ్ళ విషయంలో 33 శాతం ఎక్కువ, మైనారిటీ జాతులవాళ్ళ విషయంలో 20 నుంచి 30 శాతం ఎక్కువ. ఈమె రెండు లెక్కల్లోనూ ఉంది. వయసు తక్కువైతే పొరపాటు ఇంకా ఎక్కువ.

ఇంజెక్షన్ దగ్గర ఇంకో ముడి ఉంది. టీపీఏ వల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు. 1995 నాటి మొదటి పెద్ద పరీక్షలోనే నూటికి ఆరుగురికి పైగా అలా జరిగింది. అది వివరించి, అయినా లాభమే ఎక్కువని చెప్పి, కొద్ది నిమిషాల్లో "సరే" అనిపించుకోవాలి. టస్కీగీ ఉన్నది పక్క రాష్ట్రంలోనే. అక్కడ 1932 నుంచి 1972 దాకా నల్లజాతి మగవాళ్ళకు సిఫిలిస్ ఉందని తెలిసి కూడా ప్రభుత్వ డాక్టర్లు మందు ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారు. ఆ తరం మనవలు నా ముందు కూర్చుని "మా అమ్మమీద ఏం ప్రయోగం చేస్తారు?" అని అడిగితే నాకు కోపం రాదు. కానీ గడియారం ఆగదు. ఆ సంభాషణ చేయడం తెలిసిన డాక్టరు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారా లేదా అన్నదాని మీద ఆమె కుడి చెయ్యి ఆధారపడి ఉంటుంది. దీనికి ఏ గుర్తింపు పత్రంలోనూ గడి లేదు.

పాత కాగితాలు (గ్రీన్స్‌బరో, నార్త్ కరోలినా)

మాస్టారు గారి మొదటి ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు: అదే ఊళ్ళో తెల్లావిడ ఉన్నా అదే ఆసుపత్రి కదా అని. అవును, ఇవాళ అదే ఆసుపత్రి. కానీ ఆ ఆసుపత్రి అక్కడ, ఆ పరిమాణంలో, ఆ బీదస్థితిలో ఎందుకుందో అడగాలి.

1946లో హిల్–బర్టన్ చట్టం వచ్చింది. దేశమంతటా, ముఖ్యంగా దక్షిణాది పల్లెల్లో ఆసుపత్రులు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది. ఆ చట్టంలోనే "విడివిడిగా, సమానంగా" అన్న వెసులుబాటు ఉంది. కేంద్రం డబ్బుతోనే తెల్లవాళ్ళకు ఒక ఆసుపత్రి, నల్లవాళ్ళకు ఒకటి కట్టవచ్చు. సమానం ఎంత సమానమో మీరే ఊహించుకోండి. దాన్ని కొట్టేయించింది మా ఊరివాళ్ళే. ఇక్కడి మోజెస్ కోన్ ఆసుపత్రి మీద జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడు, మరికొందరు దావా వేశారు. 1963లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు మరుసటి ఏడు దాన్ని ముట్టుకోనంది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. అసలు మార్పు తెచ్చింది మాత్రం 1966 జూలైలో మొదలైన మెడికేర్, అంటే వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా. జాతుల మధ్య గోడలు తీయని ఆసుపత్రికి మెడికేర్ డబ్బు రాదన్నారు. ఇరవయ్యేళ్ళు కదలని గోడలు కొన్ని నెలల్లో పడిపోయాయి. నీతి బోధించడంకన్నా బిల్లు ఆపడం ఎంత వేగంగా పనిచేస్తుందో దానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఆ తర్వాత నల్లవాళ్ళ సొంత ఆసుపత్రులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సెయింట్ లూయీలో 1937లో తెరిచిన హోమర్ జి. ఫిలిప్స్ ఆసుపత్రి ఎందరో నల్లజాతి డాక్టర్లకు శిక్షణ ఇచ్చింది. జనం ఎంత మొత్తుకున్నా 1979లో మూసేశారు. డాక్టర్లూ డబ్బున్న రోగులూ శివార్లకు తరలితే ఆసుపత్రులూ వాళ్ళ వెనకే వెళ్ళాయి. 2003లో స్ట్రోక్ గుర్తింపులు మొదలయ్యేసరికి ఈ పటం ముందే గీసి ఉంది.

లెక్కల మాస్టారు

చరిత్ర బాగా చెప్పారు. అయితే ఒక్కటి చెప్పండి. అట్లాంటాలో పేద నల్లజాతి రోగులందరూ వెళ్ళే గ్రేడీ ప్రభుత్వ ఆసుపత్రిలోనే మార్కస్ స్ట్రోక్ సెంటర్ ఉంది. అట్లాంటాలోని స్ట్రోక్ కేంద్రాల్లో ముందువరుసలో అదే వస్తుంది. జాతి వివక్షే కారణమైతే అది మీ చట్టహూచీ గారి ఉత్తర శివార్లలో ఉండాలి కదా?

చట్టహూచీ ఒడ్డు

ఇది నేను కూడా అడగాలనుకున్నాను.

పాత కాగితాలు

గ్రేడీని తెల్లవాళ్ళకొక భాగం, నల్లవాళ్ళకొక భాగంగా నడిపిన రోజుల్లో జనం దాన్ని బహువచనంలో "గ్రేడీస్" అనేవారు. అక్కడి నుంచి ఇక్కడికి రావడం గొప్ప విషయమే. దాతలు కోట్ల డాలర్లు ఇచ్చారు, మంచి డాక్టర్లు వచ్చారు. ఒక ఊళ్ళో ఎవరో పట్టుబట్టి మంచి కేంద్రం పెడితే అక్కడి పేదలకు మేలు జరుగుతుంది. దాన్ని బట్టి మిగతా వంద ఊళ్ళ గురించి ఏం చెప్పగలం? అదే అట్లాంటాలో 2022 నవంబరులో అట్లాంటా మెడికల్ సెంటర్ మూతపడింది. అదే ఏడాది ఈస్ట్ పాయింట్‌లోని దాని అనుబంధ ఆసుపత్రీ మూతపడింది. ఈస్ట్ పాయింట్‌లో ఎవరుంటారో పటం తీసి చూడండి. ఆ రోగులందరూ ఇప్పుడు గ్రేడీ తలుపు దగ్గరే వరుస కట్టాలి.

అనకాపల్లి బెల్లం (గుంటూరు)

అమెరికా సంగతి సరే, మన దగ్గర మాత్రం ఏం తక్కువ? ఏజెన్సీలో స్ట్రోక్ వస్తే విశాఖ చేరేసరికి తెల్లారుతుంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

నిర్వాహకులు

మంచి ప్రశ్న, దానికి విడిగా చర్చ తెరిచాం. ఇక్కడ కలిపితే రెండూ పాడవుతాయి. దయచేసి అక్కడ రాయండి.

రెండో డెల్టా (మిసిసిపీ)

కృష్ణా డెల్టాలో పుట్టి మిసిసిపీ డెల్టాలో తేలినవాణ్ణి, అందుకే ఈ పేరు. రెండు చోట్లా నేల నల్లది, దోమలు సమానం.

నేనెలా వచ్చానో చెబితే సగం విషయం తెలుస్తుంది. జే–1 వీసా మీద ఇక్కడ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) చేసిన విదేశీ డాక్టరు రెండేళ్ళు స్వదేశానికి తిరిగి వెళ్ళాలి. కాన్రాడ్ పథకం కింద, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు ఎత్తేస్తారు. ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 చోట్లు. అమెరికాలో పుట్టిన డాక్టర్లు రాని ఊళ్ళకు మనలాంటివాళ్ళం ఇలా చేరతాం. మూడేళ్ళు కాగానే ఎక్కువమంది డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిపోతారు, వాళ్ళను నేను తప్పుపట్టను. నల్లజాతి పల్లె ఆరోగ్యం వీసా నిబంధన మీద నడవడం ఈ దేశం గురించి ఏదో చెబుతుంది.

ఇక స్ట్రోక్. మా ఆసుపత్రిలో స్కాన్ ఉంది, టీపీఏ ఉంది, న్యూరాలజిస్టు తెర మీద వస్తారు. దీన్ని టెలిస్ట్రోక్ అంటారు. జార్జియాలోని ఆగస్టా వైద్య కళాశాలవాళ్ళు 2003లోనే ఇలాంటిది మొదలుపెట్టారు, తర్వాత దక్షిణాదంతా పాకింది. ఎక్కడో కూర్చున్న నిపుణుడు రోగి కళ్ళను కెమెరాలో చూసి, స్కాన్ తెరిచి, "ఇవ్వండి" అంటే ఇస్తాం. ఇది నిజంగా పనిచేస్తుంది. ఈ మొత్తం చర్చలో నాకు కాస్త ఆశ కలిగించేది ఇదొక్కటే.

చిక్కు తర్వాత వస్తుంది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే జాక్సన్‌కో మెంఫిస్‌కో పంపాలి. పడక ఉందా అని ఫోన్ చేయాలి. వాళ్ళు ఒప్పుకోవాలి. బండి దొరకాలి. జిల్లాకున్న కొద్దిపాటి అంబులెన్సుల్లో ఒకటి నా రోగిని తీసుకెళ్తే, అది తిరిగొచ్చేదాకా ఇక్కడ ఇంకెవరికైనా గుండెపోటు వస్తే దిక్కెవరు? ఉరుములుంటే హెలికాప్టర్ ఎగరదు. 2023లో జామాలో లక్షకు పైగా రోగుల లెక్క వచ్చింది. మొదటి ఆసుపత్రిలోకి వచ్చినప్పటి నుంచి అక్కడి నుంచి బయల్దేరేదాకా పట్టే సమయం మధ్యస్థంగా 174 నిమిషాలు. 120 లోపు ఉండాలన్నది నియమం. దాన్ని అందుకున్నది పావు వంతుకు కాస్త పైన మాత్రమే. అందులోనూ నల్లజాతి రోగులు, హిస్పానిక్ రోగులు, ఆడవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువసేపు ఆగారు.

మాస్టారు గారూ, ఆ చివరి వాక్యం గమనించండి. అందరూ అప్పటికే ఒక ఆసుపత్రిలో ఉన్నవాళ్ళే.

లెక్కల మాస్టారు

గమనించాను. ఆ ఎక్కువసేపు అన్నది ఏ ఆసుపత్రుల్లోనో కూడా చూడాలి. నల్లజాతి రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులే నెమ్మదివైతే అది ఆసుపత్రి బీదతనం, డాక్టరు మనసులోని వివక్ష కాదు. రెండింటికీ మందు వేరు. ఒకదానికి డబ్బివ్వాలి, రెండోదానికి శిక్షణ ఇవ్వాలి. తేడా లేదన్నది నా వాదన కాదు. కారణం తప్పుగా రాసుకుంటే చికిత్స తప్పుతుందన్నదే నా వాదన.

కృష్ణలంక

ఈ మాటతో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, "ఆసుపత్రి బీదతనం" అనగానే జాతి అనే మాట పక్కకు తప్పుకున్నట్టు మీరు రాస్తున్నారు. ఎవరి ఆసుపత్రి బీదదైంది అన్నది పాత కాగితాలు గారు పైన చెప్పారు.

డబ్బు ఒక్కటే అనేవాళ్ళకు వాషింగ్టన్ నగరం చూపిస్తాను. అక్కడ ఇన్సూరెన్స్ లేనివాళ్ళు చాలా తక్కువ, పేదలకు ప్రభుత్వమిచ్చే బీమా, మెడికెయిడ్, ధారాళంగా ఇస్తూ వచ్చారు. నగరం మధ్య నుంచి అనకోస్టియా నది పారుతుంది. దానికి తూర్పున ఉన్నవి చాలావరకు ఏడో, ఎనిమిదో వార్డులు, అక్కడ దాదాపు అంతా నల్లజాతివాళ్ళు. గడ్డ లాగగలిగే పెద్ద ఆసుపత్రులన్నీ నదికి పడమరనే. తూర్పున ఏళ్ళ తరబడి కునికిపాట్లు పడుతూ నడిచిన ఒక్క ఆసుపత్రి ఉండేది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో సీడార్ హిల్ ఆసుపత్రి తెరిచారు. ఇది పల్లె కాదు, కొండ కాదు. పార్లమెంటు గుమ్మటం కనిపించే దూరం. బీమా కార్డు ఇచ్చినంత సులువుగా ఆసుపత్రి ఇవ్వలేదు.

ఎడిసన్ ఇడ్లీ (న్యూజెర్సీ)

మన సంగతి కూడా ఒక ముక్క. ఈ లెక్కల్లో మనం "ఆసియన్" అనే ఒకే డబ్బాలో ఉంటాం. చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం, మనం, అందరం కలిపి. ఆ డబ్బా మీద చేసిన పెద్ద అధ్యయనంలో కూడా తెల్లవాళ్ళకన్నా తీవ్రమైన స్ట్రోకులు, తక్కువ టీపీఏ, ఆసుపత్రిలో ఎక్కువ మరణాలు కనిపించాయి. మన బీపీ, షుగర్ అందరికీ తెలిసినవే. నల్లజాతివాళ్ళ సమస్య మనకెందుకులే అనుకునేవాళ్ళు ఇది చూడాలి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నవాళ్ళు ముఖ్యంగా. ముఖం వంకరైనా, చెయ్యి పడిపోయినా, మాట తేడా వచ్చినా ఎవరి కారులోనో ఎక్కించకండి, అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. ఎక్కడికి తీసుకెళ్ళాలో వాళ్ళకు తెలుస్తుంది, వాళ్ళు ముందే ఆసుపత్రికి కబురు చేస్తారు. చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారో టైము గుర్తుపెట్టుకుని చెప్పండి.

చట్టహూచీ ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగినదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. మా స్నేహితుడికి ఇవాళ ఇందులో కొంత చెప్పాను. ఆయనకు కారణాలకన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. అక్కకు ఇన్సూరెన్స్ లేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఎలా? మెడికేర్ రావాలంటే 65 నిండాలట కదా?

న్యూరో నెల్లూరు

తలుపు దగ్గరి తేడా గురించి ఇంతసేపు మాట్లాడాం, బయటికొచ్చాక ఉండే తేడా ఇదే. ఇన్సూరెన్స్ ఉన్న రోగిని మా దగ్గర నుంచి రిహాబ్ ఆసుపత్రికి పంపుతాం, రోజుకు మూడు గంటల థెరపీ ఉంటుంది. లేనివాళ్ళకు కాగితం మీద నాలుగు వ్యాయామాలు గీసిచ్చి ఇంటికి పంపుతారు. మొదటి మూడు నెలల్లోనే మెదడు ఎక్కువగా కోలుకుంటుంది, ఆ మూడు నెలలే వీళ్ళకు దొరకవు.

ఆమె ఉద్యోగం చేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉంటే వైకల్య భృతికి వెంటనే దరఖాస్తు పెట్టించండి. ఒక్క రోజు కూడా ఆగవద్దు. మంజూరైనా మొదటి అయిదు నెలలు భృతి రాదు. అది మొదలైన 24 నెలలకు మెడికేర్ వస్తుంది, వయసుతో పనిలేదు. అవును, రెండేళ్ళు. ఆదాయం, ఆస్తి బాగా తక్కువైతే, పేద వికలాంగులకూ వృద్ధులకూ కేంద్రం ఇచ్చే భృతి ఎస్‌ఎస్‌ఐకి కూడా పెట్టండి. అది వస్తే జార్జియాలో మెడికెయిడ్ వస్తుంది, అది త్వరగా తేలవచ్చు.

రెండో డెల్టా

జార్జియా మెడికెయిడ్‌ను పూర్తిగా విస్తరించలేదు, మా మిసిసిపీలాగే. 2012లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల ఇష్టం అన్నాక మొండికేసిన వాటిలో ఎక్కువ దక్షిణాదివే, వాటిలో చాలావరకు స్ట్రోకులు ఎక్కువగా వచ్చే స్ట్రోక్ బెల్ట్ అనే ప్రాంతంలోవే. జార్జియాలో 2023 నుంచి పాత్‌వేస్ అనే పథకం ఉంది కానీ నెలకు 80 గంటలు పని చేసినట్టో, చదువుకున్నట్టో చూపాలి. చెయ్యి లేవని మనిషి అది ఎలా చూపుతుందో ఆ పథకం రాసినవాళ్ళే చెప్పాలి. ఎస్‌ఎస్‌ఐ దారే పట్టండి. ఇంకో పని: ఆమె చేరిన పెద్ద ఆసుపత్రి లాభాపేక్ష లేనిదైతే పేదలకు బిల్లు తగ్గించే పథకం చట్టప్రకారం ఉండి తీరాలి. సోషల్ వర్కర్‌ను అడిగి ఆ ఫారం తెప్పించుకోండి, వాళ్ళంతట వాళ్ళు ఇస్తారని ఎదురుచూడవద్దు.

రాత్రి డ్యూటీ

దగ్గర్లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ నేర్పే విశ్వవిద్యాలయం ఉంటే ఫోన్ చేసి చూడమనండి. చాలాచోట్ల విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో ఉచితంగానో, కొద్ది రుసుముతోనో చేస్తారు. బీపీ మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదని ముఖ్యంగా చెప్పండి, రెండో స్ట్రోక్ మొదటిదాని కన్నా కష్టం. సాధారణ బీపీ మాత్రలు పెద్ద దుకాణాల ఫార్మసీలో నెలకు కొద్ది డాలర్లకే దొరుకుతాయి.

చట్టహూచీ ఒడ్డు

సోమవారం సెలవు పెట్టి ఆయనతో కలిసి వెళ్తున్నాను. భృతికీ ఎస్‌ఎస్‌ఐకీ ఒకేసారి దరఖాస్తు పెడతాం. బిల్లు తగ్గింపు ఫారం నిన్ననే అడిగాం. అది ఏ విభాగంలో ఉంటుందో తమకు తెలియదని రిసెప్షన్‌లో చెప్పారు, సోషల్ వర్కర్ ఫోన్ నంబరు మాత్రం ఇచ్చారు.

లెక్కల మాస్టారు

ఆ ఫారంతో పాటు ఇంటి ఆదాయం రుజువులు, పన్ను కాగితాలు అడుగుతారు. ముందే సిద్ధం చేసుకోండి. లెక్కలు సరిచూడాలంటే నాకు పంపండి, ఆదివారం ఖాళీగానే ఉంటాను.